ముందే తెలిసినవాడి మాట ఎక్కడ ఆగిపోతోంది?

తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ ఫ్యాక్టరీల శాఖ డైరెక్టర్లకు,



2020 మే 7 తెల్లవారుజామున విశాఖ శివారు ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్‌జీ పాలిమర్స్ ట్యాంకు నుంచి వెలువడిన స్టైరీన్ ఆవిరి నిద్రపోతున్న ఊరి మీద పడి 12 మందిని పొట్టనపెట్టుకుంది. 2024 ఆగస్టు 21 మధ్యాహ్నం అచ్యుతాపురం సెజ్‌లోని ఎసెన్షియా ఫార్మాలో పేలుడు జరిగి 17 మంది పోయారు. 2025 జూన్ 30 ఉదయం పాశమైలారంలోని సిగాచి పరిశ్రమలో మరో పేలుడు 40 మందికి పైగా ప్రాణాలు తీసింది. వాళ్ళలో చాలామంది ఒడిశా, బిహార్, ఉత్తరప్రదేశ్‌ల నుంచి పొట్ట చేతబట్టుకొని వచ్చినవాళ్ళు. కొందరి ఆనవాళ్ళు కూడా ఇంటివాళ్ళకు దక్కలేదు.

ప్రతిసారీ కమిటీలు వేశారు. నివేదికలు వచ్చాయి. వాటిలో ఉష్ణోగ్రతలు, వాల్వులు, పైపులైన్లు, దుమ్ము, అనుమతి పత్రాలు ఉంటాయి. అవన్నీ ఉండాల్సినవే. నేను కెమికల్ ఇంజినీరును కాను, వాటి జోలికి పోను. మనుషులు గుంపులో ఉన్నప్పుడు, పైఅధికారి ఎదుట ఉన్నప్పుడు ఎలా ప్రవర్తిస్తారో చదివి, దాన్ని పాఠంగా చెప్పడం నా వృత్తి. అందుకని నా ప్రశ్నలు వేరు. ప్రమాదానికి ముందు రోజు, ముందు వారం, ఎక్కడో తేడాగా ఉందని ఎవరికి తెలుసు? తెలిసినవాళ్ళు ఎవరికి చెప్పారు? చెప్పకపోతే ఎందుకు చెప్పలేదు? చెబితే ఆ మాట ఏ మెట్టు దగ్గర ఆగిపోయింది?

పాశమైలారం దుర్ఘటనలో చనిపోయిన ఒక ఉద్యోగి కుటుంబం పోలీసులకిచ్చిన ఫిర్యాదులో, యంత్రాలు పాతబడిపోయాయని ఆయన యాజమాన్యానికి చెప్పినా పట్టించుకోలేదని రాసింది. అది కోర్టులో రుజువు కావలసిన ఆరోపణ. నేను తీర్పు చెప్పను. అయితే ఇలాంటి మాట ఏ దుర్ఘటన తరవాతనైనా వినబడుతుంది. భోజనాల దగ్గర, టీకొట్టు దగ్గర, షిఫ్టు బస్సులో అందరూ చెప్పుకున్న విషయమే అది. చెప్పవలసిన చోటికి మాత్రం చేరి ఉండదు.

మీ ఇన్‌స్పెక్టరు తనిఖీకి వెళ్ళినప్పుడు ప్రెషర్ గేజి చూస్తాడు, రిజిస్టర్లు తిరగేస్తాడు, మంటలార్పే సిలిండరు మీద తేదీ చదువుతాడు. ఆ ఫ్యాక్టరీలో హెల్పరుగా పనిచేసే మనిషి షిఫ్ట్ ఇన్‌చార్జితో “సార్, ఇది నాకు సరిగ్గా అనిపించడం లేదు, ఆపుదాం” అనగలడా లేదా అన్నది మాత్రం ఏ చెక్‌లిస్టులోనూ ఉండదు. దాన్ని కూడా తనిఖీ చేయవచ్చు, కొలవవచ్చు, బాగు చేయవచ్చు. ఈ లేఖ రాయడం ఆ మాట మీకు చెప్పడానికే.

చట్టానికి ఈ సంగతి తెలియక కాదు. భోపాల్‌లో 1984 డిసెంబరు గ్యాస్ దుర్ఘటన కంటే ముందే హెచ్చరికలున్నాయి. 1981 డిసెంబరులో అదే ఫ్యాక్టరీలో ఫాస్జీన్ అనే విషవాయువు సోకి ఒక కార్మికుడు చనిపోయాడు. కార్మిక సంఘం పోస్టర్లు వేసింది. రాజ్‌కుమార్ కేస్వానీ అనే స్థానిక పాత్రికేయుడు 1982 నుంచీ పత్రికల్లో రాస్తూనే వచ్చాడు. ఎవరూ వినలేదు. ఆ పాఠంతోనే 1987లో ఫ్యాక్టరీల చట్టాన్ని సవరించి, ప్రమాదకర ప్రక్రియలున్న ప్రతి ఫ్యాక్టరీలో కార్మికులూ యాజమాన్యమూ సమాన సంఖ్యలో ఉండే సేఫ్టీ కమిటీ ఉండాలన్నారు. 41-హెచ్ అనే సెక్షను పెట్టి, ప్రాణాపాయం దగ్గర్లో ఉందని కార్మికుడు సహేతుకంగా భయపడితే యాజమాన్యానికీ, అదే సమయంలో మీ ఇన్‌స్పెక్టరుకూ చెప్పే హక్కు ఇచ్చారు. విన్న యాజమాన్యం వెంటనే సరిదిద్దాలి. అపాయమేమీ లేదని అనుకుంటే ఇన్‌స్పెక్టరుకు నివేదించాలి. ఆయన నిర్ణయమే ఆఖరుది. ఇప్పుడు 2025 నవంబరు 21 నుంచి వృత్తి భద్రత కోడ్ అమల్లోకి వచ్చింది. అందులోనూ అపాయం గురించి చెప్పే హక్కు ఉంది.

హక్కు పుస్తకంలో ఉంది. మరి బొల్లారంలో, జీడిమెట్లలో, పరవాడలో, పైడిభీమవరంలో ఎంతమంది ఈ సెక్షను కింద నోరు తెరిచారు? మీ రికార్డులు తీయించి చూడండి. ఆ సంఖ్య మీ దగ్గరే ఉంటుంది, దాన్ని చూశాక ఈ లేఖ మిగతా భాగం చదవండి.

ఎందుకు మాట్లాడరన్న దానికి సామాజిక మనస్తత్వశాస్త్రంలో చాలా పాత ప్రయోగం ఒకటుంది. 1968లో బిబ్ లటానే, జాన్ డార్లీ అనే ఇద్దరు పరిశోధకులు న్యూయార్కులో కాలేజీ విద్యార్థులను ఒక గదిలో కూర్చోబెట్టి ప్రశ్నాపత్రం నింపమన్నారు. కాసేపటికి గోడలోని కంతలోంచి గదిలోకి పొగ రావడం మొదలైంది. ఒంటరిగా కూర్చున్నవాళ్ళలో 75 శాతం మంది లేచి వెళ్ళి బయటివాళ్ళకు చెప్పారు. ఒకరికొకరు తెలియని ముగ్గురు కలిసి కూర్చున్నప్పుడు, ఆ ముగ్గురిలో ఒక్కరైనా చెప్పిన బృందాలు 38 శాతమే. పొగను చూసీ చూడనట్టు రాసుకుంటూ కూర్చోమని ముందే చెప్పి ఉంచిన ఇద్దరి మధ్య ఒకరిని కూర్చోబెడితే, పది మందిలో ఒక్కడే లేచాడు. మిగిలినవాళ్ళు దగ్గుతూ, కళ్ళు నులుముకుంటూ, చేత్తో పొగను విసురుకుంటూ కాగితాలు నింపారు. తరవాత అడిగితే అది ఆవిరి అనుకున్నామన్నారు, ఏసీ లోంచి వచ్చిందనుకున్నామన్నారు. పక్కవాళ్ళ ప్రభావం తమ మీద పడిందని వాళ్ళకు తోచనే లేదు.

వీళ్ళు పిరికివాళ్ళని గానీ బాధ్యత లేనివాళ్ళని గానీ అనడానికి లేదు. ఏం జరుగుతోందో అర్థం కానప్పుడు మనిషి పక్కవాడి ముఖం చూస్తాడు. పక్కవాడూ అదే పని చేస్తుంటాడు. ఇద్దరూ తొణక్కుండా కనిపించాలని ప్రయత్నిస్తుంటారు కాబట్టి, ఒకరి నిబ్బరం చూసి ఇంకొకరు ఏమీ లేదులే అనుకుంటారు.

దీన్ని ఒక ప్రొడక్షన్ బ్లాకులోకి తీసుకురండి. నైట్ షిఫ్టు. సెంట్రిఫ్యూజ్ దగ్గర సాల్వెంట్ వాసన రోజూ ఉండేదే, ఇవాళ కాస్త ఎక్కువగా కొడుతోంది. అక్కడ ఆరుగురున్నారు. అందరికంటే అనుభవం ఉన్నవాడు తలెత్తకుండా లాగ్‌షీటు రాస్తున్నాడు. కెమిస్టు వచ్చి వెళ్ళాడు, ఏమీ అనలేదు. బ్యాచ్ తెల్లారేలోపు దిగాలి. అలాంటి చోట, చేరి మూడు నెలలైన కుర్రాడు “ఇవాళ వాసన తేడాగా ఉంది” అనాలంటే ఎంత ధైర్యం కావాలి! ప్రయోగంలో కూర్చున్న విద్యార్థికి పోయేదేమీ లేదు. ఇతనికి ఉద్యోగం పోతుంది.

నిన్నటి తేడా ఇవాళ్టికి మామూలైపోవడం ఇంకో సంగతి. 1986 జనవరి 28న ఏడుగురితో పేలిపోయిన చాలెంజర్ వ్యోమనౌక మీద డయాన్ వాన్ అనే సామాజిక శాస్త్రవేత్త ఏళ్ళతరబడి పరిశోధించి 1996లో పుస్తకం రాశారు. బూస్టరు అతుకుల్లోని రబ్బరు రింగులు అంతకుముందు ప్రయోగాల్లోనే కాలిన గుర్తులతో వచ్చాయి. ప్రతిసారీ నౌక క్షేమంగా దిగింది గనక, ఆ కాలడం ఒప్పుకోదగ్గ లోపంగా కాగితాల మీదికి ఎక్కింది. ప్రయోగానికి ముందు రాత్రి, ఇంత చలిలో వద్దని ఆ బూస్టర్లు తయారుచేసిన కంపెనీ ఇంజినీర్లు గట్టిగా వాదించారు. వాళ్ళ మాట నెగ్గలేదు. మన ప్లాంట్లలో అలారం పదేపదే మోగుతోందని దాన్ని ఆపేసి పెట్టడం, ఇంటర్‌లాక్‌ను ఈ ఒక్క బ్యాచ్‌కి అని బైపాస్ చేసి తరవాత అలాగే వదిలేయడం పనివాళ్ళందరికీ తెలిసిన విషయాలే. నిన్న ఏమీ కాలేదన్నది ఒక్కటే వాటికి ఆధారం.

నోరు తెరిచినా సరిపోదని మంగళూరు చెబుతుంది. 2010 మే 22న దుబాయ్ నుంచి వచ్చిన ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ విమానం రన్‌వే దాటి లోయలో పడి 158 మంది చనిపోయారు. ఎనిమిది మంది బతికారు. విమానం సరైన ఎత్తులో, సరైన వాలులో దిగడం లేదని కో-పైలట్‌కు తెలిసింది. దిగవద్దు, మళ్ళీ పైకి లేపమని ఆయన మూడుసార్లు అన్నాడని విచారణ నివేదికలో ఉంది. కెప్టెన్ వినలేదు. ఆ నివేదికలో నన్ను ఎక్కువగా కలవరపెట్టేది ఇంకో వాక్యం. ల్యాండింగును తనంతట తాను రద్దుచేసే అధికారం కో-పైలట్‌కు ఉందా లేదా అన్న విషయంలో నిబంధనలు స్పష్టంగా లేకపోవడం వల్ల కావచ్చు, ఆయన పదేపదే చెప్పాడే గాని కంట్రోల్స్ తన చేతుల్లోకి తీసుకోలేదని విచారణ సంఘం రాసింది. ప్రమాదం కళ్ళెదుట కనిపిస్తున్నా, దాన్ని ఆపే మీటలు చేతికి అందేంత దూరంలోనే ఉన్నా, ఆపవచ్చో లేదో తెలియని స్థితిలో ఒక మనిషి ఆ క్షణాలు గడిపాడు.

మీ పరిధిలోని ప్లాంట్లలో రియాక్టరు చార్జింగు ఆపే అధికారం ఎవరిదో హెల్పరును అడిగి చూడండి. కెమిస్టును విడిగా అడగండి. ప్రొడక్షన్ మేనేజరును విడిగా అడగండి. మూడు జవాబులు ఒకటే అయితే ఆ ప్లాంటు నయం. వేరువేరుగా ఉంటే, రిజిస్టర్లు ఎంత శుభ్రంగా ఉన్నా అక్కడ ప్రమాదం ఉందని రాసుకోండి. దీనికి పరికరమూ అక్కర్లేదు, ఖర్చూ లేదు.

విమానయాన రంగం ఈ సంగతిని ప్రాణాలు పోగొట్టుకొని నేర్చుకుంది. 1977 మార్చి 27న టెనరిఫ్‌లో రెండు జంబో జెట్లు రన్‌వే మీద ఢీకొని 583 మంది పోయారు. రన్‌వే మీద అవతలి విమానం ఇంకా ఉందేమోనని ఫ్లైట్ ఇంజినీరుకు అనుమానం వచ్చి అడిగాడు. సీనియర్ కెప్టెన్ కొట్టిపారేశాడు. ఆ తరవాత కొన్నేళ్ళకే కాక్‌పిట్‌లో కిందివాడు ఎలా చెప్పాలి, పైవాడు ఎలా వినాలి అన్నది శిక్షణగా మారింది. ఇవాళ ఆ శిక్షణ లేకుండా ఎవరూ ప్రయాణికుల విమానం నడపరు. ఇందులో వినడం నేర్పారన్నది ముఖ్యం. మనవైపు సేఫ్టీ శిక్షణంటే కార్మికులను వరసగా కూర్చోబెట్టి హెల్మెట్టు, గాగుల్స్ గురించి చెప్పడం. చెడు కబురు మోసుకొచ్చిన మనిషితో మొదటి మాట ఏమనాలో షిఫ్ట్ ఇన్‌చార్జికి ఎవరూ నేర్పరు.

ఇక్కడ నా శాస్త్రం తరఫున ఒక మాట చెప్పాలి. మన పరిశ్రమల్లో మనస్తత్వశాస్త్రం పేరుతో జరిగేది చాలావరకు కార్మికుడి ప్రవర్తనను సరిచేయడమే. నిర్లక్ష్యం వదలండి, ఇంటి దగ్గర మీ కోసం ఎదురుచూస్తున్నారు అంటూ గోడ మీద రాస్తారు. ప్రమాదం జరిగితే మానవ తప్పిదం అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. ఆ మాట రాయగానే విచారణ ముగిసిపోతుంది. నిజానికి విచారణ మొదలవ్వాల్సింది అక్కడే. ఆ మనిషి ఆ పని ఎందుకు అలా చేశాడు, అలా చేయడం ఆ ప్లాంటులో ఎన్నాళ్ళుగా మామూలు, దాన్ని చూసిన నలుగురు ఎందుకు ఊరుకున్నారు అని అడగాలి. కిందివాడి మనసును మరమ్మతు చేసి పైవాళ్ళ పద్ధతులను ముట్టుకోకుండా వదిలేసే పనికి ఈ శాస్త్రాన్ని వాడుకోవడం అన్యాయం.

పనిచోట మౌనాన్ని బాగా చదివిన ముగ్గురు పరిశోధకులు, ఫ్రాన్సెస్ మిలికెన్, ఎలిజబెత్ మోరిసన్, ప్యాట్రీషియా హ్యూలిన్, 2003లో 40 మంది ఉద్యోగులను కూర్చోబెట్టి మాట్లాడారు. వాళ్ళలో 85 శాతం మంది, ముఖ్యమైన విషయమని తెలిసి కూడా పైఅధికారికి చెప్పలేకపోయిన సందర్భం కనీసం ఒకటి ఉందన్నారు. వాళ్ళంతా చదువుకున్నవాళ్ళు, కన్సల్టింగు, ఫైనాన్సు, మీడియా, ఫార్మా వంటి రంగాల్లో పనిచేస్తున్నవాళ్ళు. వాళ్ళ భయాలు మనకు కొత్తవి కావు. గొడవలు పెట్టేవాడన్న ముద్ర పడుతుంది, సంబంధాలు చెడతాయి, చెప్పినా ఏమీ మారదు.

ఇక మన కాంట్రాక్టు కార్మికుడి సంగతి చూడండి. అతను ఎవరి ప్లాంటులో పనిచేస్తున్నాడో వాళ్ళ ఉద్యోగి కాడు. అతని జీతం కాంట్రాక్టరు చేతిలో ఉంది, గేటు పాసు సెక్యూరిటీ చేతిలో ఉంది, ఉండే గది కూడా చాలాసార్లు కాంట్రాక్టరు చూపించినదే. ఇన్‌చార్జి మాట్లాడేది తెలుగు, ఇతను మాట్లాడేది ఒడియా లేదా భోజ్‌పురి, రసాయనాల జాగ్రత్తల పత్రం ఉన్నది ఇంగ్లీషులో. అతను నోరు తెరిస్తే రేపటి నుంచి రావద్దనడానికి ఒక ఫోన్ కాల్ చాలు. ఎవరూ అతన్ని ఉద్యోగంలోంచి తీసేసినట్టు ఏ రికార్డులోనూ ఉండదు. డ్రమ్ములు మోసేది, పొడి గీకేది, రియాక్టరులోకి దిగి కడిగేది ఎక్కువగా అతనే. యంత్రంలో తేడా మొదట తెలిసేది అతని చేతికి, ముక్కుకు. అందరికంటే ముందు తెలిసే మనిషిని అందరికంటే మాట్లాడలేని స్థితిలో పెట్టి నడుస్తున్నాయి ఈ ఫ్యాక్టరీలు. సేఫ్టీ కమిటీలో కార్మికుల ప్రతినిధి అంటూ కూర్చునేది చాలాచోట్ల పర్మనెంటు ఉద్యోగి, అతన్ని ఎంపిక చేసేది యాజమాన్యమే.

ఫ్యాక్టరీ గేటు పక్కన ఒక బోర్డు ఉంటుంది. ప్రమాదం లేకుండా గడిచిన రోజులు ఇన్ని అని. మీరు దాన్ని మెచ్చుకుంటారు, అవార్డులిస్తారు. ఆ అంకె పెరిగేకొద్దీ లోపల జరిగేదేమిటో ఆలోచించారా? చేయి కాలినవాడికి ప్రైవేటుగా కట్టు కట్టించి, లైట్ డ్యూటీ వేసి, రికార్డులోకి ఎక్కకుండా చూస్తారు. ఆ అంకెను చెరిపే మనిషి తాను కాకూడదని ప్రతి ఒక్కరూ అనుకుంటారు. ఇలాంటి బోనసులు, పందేలు గాయాల సమాచారాన్ని తొక్కిపట్టే ప్రమాదముందని అమెరికా వృత్తి భద్రతా శాఖ 2012లోనే తన అధికారులను హెచ్చరించింది. 2010 ఏప్రిల్ 20న గల్ఫ్ ఆఫ్ మెక్సికోలో డీప్‌వాటర్ హొరైజన్ చమురు రిగ్గు పేలి 11 మంది చనిపోయిన రోజున, ఆ రిగ్గు మీద పెద్ద అధికారులు ఉన్నారు. పని పోగొట్టే గాయం ఒక్కటీ లేకుండా ఏడేళ్ళు నడిచినందుకు సిబ్బందిని అభినందించడం కూడా వాళ్ళు వచ్చిన పనుల్లో ఒకటి. కాలు జారి పడేవాళ్ళ లెక్కకూ, బావిలో పెరుగుతున్న ఒత్తిడికీ సంబంధమే లేదు.

ఎమీ ఎడ్మండ్సన్ అనే పరిశోధకురాలు 1990ల్లో ఆస్పత్రి వార్డుల్లో మందుల తప్పుల మీద అధ్యయనం చేసింది. మంచి జట్లున్న వార్డుల్లో తప్పులు తక్కువ ఉంటాయని అనుకొని మొదలుపెట్టింది. లెక్క చూస్తే మంచి జట్ల దగ్గరే తప్పులు ఎక్కువగా కనబడ్డాయి. కారణం వెతికితే, ఆ వార్డుల్లో నర్సులు భయం లేకుండా తప్పును బయటికి చెబుతున్నారు, మిగతా చోట్ల దాచేస్తున్నారు. ఈ ఒక్క సంగతిని మీ శాఖ లోతుగా పట్టించుకుంటే మీ తనిఖీ తీరే మారిపోతుంది. మూడు వందల మంది పనిచేసే రసాయన ఫ్యాక్టరీలో ఏడాది పొడుగునా నియర్ మిస్ (తృటిలో తప్పిన ప్రమాదాల) రిజిస్టరులో ఒక్క నమోదూ లేదంటే, దాన్ని మెచ్చుకోవడానికి లేదు. ఆ రోజే అక్కడ ఆగి, మనుషులతో విడివిడిగా మాట్లాడాలి. వంద నమోదులున్న ఫ్యాక్టరీకి నోటీసులివ్వకుండా, వాటిలో ఎన్నిటిని సరిదిద్దారో చూడాలి.

మనుషులు ఎవరికి చెబుతారన్న దానికి విమానయానం నుంచే ఇంకో ఉదాహరణ ఉంది. మీ శాఖకు ఇది నేరుగా వర్తిస్తుంది కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను. 1974 డిసెంబరు 1న టీడబ్ల్యూఏ విమానం ఒకటి వాషింగ్టన్ దగ్గర కొండను ఢీకొని 92 మంది చనిపోయారు. ఏ ఎత్తుకు దిగవచ్చన్న విషయంలో కంట్రోలరు మాటను సిబ్బంది మరోలా అర్థం చేసుకోవడం కారణం. అంతకు ఆరు వారాల ముందు సరిగ్గా అదే చోట, అదే పొరపాటు వల్ల యునైటెడ్ సంస్థ విమానం వెంట్రుకవాసిలో తప్పించుకుంది. యునైటెడ్ తన పైలట్లను హెచ్చరించింది. ఆ హెచ్చరిక పక్క కంపెనీకి చేరలేదు. దాంతో అమెరికా ప్రభుత్వం, పైలట్లు ఇలాంటివి భయం లేకుండా చెప్పుకునే పథకం పెట్టింది. కానీ చెప్పాల్సింది లైసెన్సు రద్దుచేసే అధికారం ఉన్న శాఖకే. పైలట్లు నమ్మలేదు. 1976లో ఆ పనిని శిక్షించే అధికారం లేని నాసాకు అప్పగించారు. చెప్పినవారి పేరు తీసేసి వివరం మాత్రం అందరికీ పంచుతారు. కావాలని చేయని తప్పును పది రోజుల్లోగా నివేదించినవారికి జరిమానా నుంచి రక్షణ ఉంటుంది. నేరాలకూ, ప్రమాదాలకూ ఆ రక్షణ వర్తించదు. ఇప్పటికి 20 లక్షలకు పైగా నివేదికలు అక్కడికి చేరాయి.

మన దగ్గర కూడా అలాంటి చోటు ఒకటి కావాలి. అది మీ శాఖ చేతిలో ఉండకూడదు. మీ నిజాయితీ మీద అనుమానం కొద్దీ ఈ మాట అనడం లేదు. ఫిర్యాదు మీ కార్యాలయానికి వస్తే ప్లాంటుకు నోటీసు వెళుతుంది, ఆ షిఫ్టులో ఎవరున్నారో చూసుకుంటే ఎవరు చెప్పారో యాజమాన్యానికి పది నిమిషాల్లో తెలిసిపోతుంది. కార్మికుడికి ఇది బాగా తెలుసు. అందుకని ఒక విశ్వవిద్యాలయానికో, మరో తటస్థ సంస్థకో ఈ బాధ్యత అప్పగించండి. తెలుగు, హిందీ, ఒడియా భాషల్లో ఫోను ఎత్తే మనుషుల్ని పెట్టండి. రాతపూర్వకంగా ఇమ్మని అడగవద్దు. చెప్పినవారి వివరాలు మీకు కూడా తెలియకూడదు. అక్కడి నుంచి మీకు రావలసింది, ఫలానా ప్రాంతంలో ఫలానా రకం డ్రయ్యర్లలో పొడి పేరుకుపోతోందని వరసగా కబుర్లొస్తున్నాయన్నంత వరకే. మీరు ఆ రకం డ్రయ్యర్లున్న ఫ్యాక్టరీలన్నిటికీ వెళ్ళండి, ఒక్కదానికే వెళ్ళవద్దు. చెప్పినవాడు ఆ గుంపులో కలిసిపోతాడు. పాశమైలారంలో తృటిలో తప్పిన ప్రమాదం పరవాడకు ఆ వారమే తెలియాలి. రెండు రాష్ట్రాలైనా ఈ ఒక్క విషయంలో ఒకే చోటు పెట్టుకోవడానికి అడ్డేమీ ఉండకూడదు. రియాక్టర్లకూ సాల్వెంట్లకూ సరిహద్దు తెలియదు.

సేఫ్టీ కమిటీల్లో కాంట్రాక్టు కార్మికులకు చోటివ్వండి, ఒక్కరికి కాకుండా కనీసం ఇద్దరికి. ఎందుకు ఇద్దరని అడిగితే, సాలమన్ ఆష్ 1950ల్లో చేసిన గీతల ప్రయోగం జవాబు చెబుతుంది. గదిలో అందరూ కళ్ళకు కనిపిస్తున్న తప్పును ఒప్పని చెబితే, ఒంటరి మనిషి మూడింట ఒక వంతు సార్లు వాళ్ళతో గొంతు కలిపాడు. నిజం చెప్పే తోడు ఒక్కరు దొరికితే ఆ లొంగుబాటు అందులో నాలుగో వంతుకు పడిపోయింది. కమిటీ బల్ల దగ్గర పది మంది అధికారుల మధ్య ఒక్క హెల్పరును కూర్చోబెట్టి మాట్లాడమనడం న్యాయం కాదు. ప్రతినిధులను కార్మికులే ఎంచుకోవాలి, ఆ ఎంపిక మీ అధికారి సమక్షంలో జరగాలి.

నియమాలు రాసే చోట కూడా కార్మికులుండాలి. 1948లో లెస్టర్ కోచ్, జాన్ ఫ్రెంచ్ వర్జీనియాలోని ఒక పైజామాల ఫ్యాక్టరీలో ఈ సంగతిని పరీక్షించారు. పని తీరులో మార్పును పైనుంచి ప్రకటించిన బృందంలో ఉత్పత్తి పడిపోయింది, 40 రోజుల్లో 17 శాతం మంది మానేశారు. మార్పును కూర్చొని తామే చర్చించుకున్న బృందాల్లో ఒక్కరూ మానలేదు, ఉత్పత్తి త్వరగా పుంజుకుంది. పని ఎప్పుడు ఆపాలి, ఆపితే ఎవరికి చెప్పాలి అన్న నియమాన్ని ఆ బ్లాకు మనుషులే రాసుకుంటే అది గోడ మీది బోర్డుగా మిగలదు.

వినడం తెలిసిన యజమానులు ఉంటారా అంటే ఉంటారు. 1987లో అల్కోవా అల్యూమినియం కంపెనీ పగ్గాలు చేపట్టిన పాల్ ఒనీల్ మదుపరుల ముందు తొలి ప్రసంగంలో లాభాల గురించి కాక కార్మికుల భద్రత గురించి మాట్లాడాడు. పైఅధికారులు పట్టించుకోకపోతే నేరుగా తనకే చెప్పమని కార్మికులకు తన ఇంటి ఫోన్ నంబరిచ్చాడు. 1990ల్లో మెక్సికోలోని ఒక ప్లాంటులో విషవాయువుకు కార్మికులు అస్వస్థులైన సంగతిని పైకి చెప్పకుండా ఉంచినందుకు ఒక సీనియర్ అధికారిని తొలగించాడు. వాయువు వెలువడినందుకు కాదు, దాచినందుకు. మీ శాఖ కూడా తన శిక్షల్లో ఈ తేడా చూపించాలి. తనంతట తాను చెప్పి సరిదిద్దుకున్న ఫ్యాక్టరీకి ఒక తీరు, చెప్పినవాడిని గేటు దగ్గరే ఆపేసిన ఫ్యాక్టరీకి ఇంకో తీరు ఉండాలి. కార్మికుడిని మానిపించినట్టు రుజువైతే, దాన్ని కార్మిక వివాదం కింద వదిలేయకుండా భద్రతా ఉల్లంఘనగా పరిగణించాలి.

అబద్ధపు ఫిర్యాదులు వెల్లువెత్తుతాయని పరిశ్రమల సంఘాలు అభ్యంతరం చెబుతాయి. కొన్ని వస్తాయి. కోపంతో చేసేవీ వస్తాయి. కానీ పేరు బయటపడని, ఎవరికీ నేరుగా శిక్ష పడని ఏర్పాటులో పగ తీర్చుకోవడానికి పెద్దగా ఏమీ దొరకదు. పరిశ్రమలు వేరే రాష్ట్రాలకు తరలిపోతాయన్న మాట కూడా వస్తుంది. పేలుడు తరవాత నెలల తరబడి మూతపడిన ప్లాంటుకూ, పడిపోయిన షేరుకూ, పరిహారాలకూ అయ్యే ఖర్చు ముందు ఒక ఫోన్ లైను ఖర్చెంత?

మీ కష్టం నాకు తెలియకపోలేదు. ఇన్‌స్పెక్టర్లు తక్కువ, ఫ్యాక్టరీలు ఎక్కువ. తనిఖీలు తగ్గించాలని, స్వీయ ధ్రువీకరణ పెంచాలని పైనుంచి ఒత్తిడి. ఏడాదికొకసారి వెళ్ళే మీ అధికారి 365 రోజుల్లో ఒక్క రోజు చూస్తాడు. ఆ ప్లాంటులో రోజూ మూడు షిఫ్టుల్లో వందల కళ్ళు చూస్తూనే ఉంటాయి. తనిఖీలు తగ్గించాలనుకునే ప్రభుత్వానికి ఆ కళ్ళ మీద ఆధారపడటం తప్ప మరో దారి లేదు. అవి చూసింది మీకు చేరాలంటే ముందు ఆ మనుషులకు భయం పోవాలి.

ఎల్‌జీ పాలిమర్స్ ఘటన మీద ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం వేసిన ఉన్నతస్థాయి కమిటీ తేల్చిన విషయాల్లో ఒకటి, ఆ రాత్రి ఊరిని లేపాల్సిన సైరను మోగలేదన్నది. దాన్ని మోగించే ఏర్పాటు ఉంది, మనుషులూ ఉన్నారు. ఎవరు నొక్కాలి, నొక్కితే ఏమవుతుంది అన్న ప్రశ్న ఆ మనుషుల మనసుల్లో ముందే తేలి ఉండాలి. అది తేల్చే పని సాంకేతిక విభాగానిది మాత్రమే కాదు, కాబట్టి మీ శాఖలో ఇంజినీర్ల పక్కన ఈ పని తెలిసిన మనుషులను కూడా నియమించుకోమని కోరుతున్నాను.

నేను పైన అడిగిన తటస్థ ఫోన్ లైనును మొదట రెండు చోట్ల నడిపితే చాలు. పాశమైలారంలో, పరవాడ ఫార్మా సిటీలో. ఏడాది నడిపి, ఎన్ని హెచ్చరికలు వచ్చాయో, ఎన్నిటిని సరిదిద్దారో, ఎన్ని మిగిలిపోయాయో ప్రజల ముందు పెట్టండి. ఏటా మార్చి 4న జాతీయ భద్రతా దినోత్సవం జరుపుతారు. ప్రతిజ్ఞలు, వ్యాసరచన పోటీలు ఉంటాయి. వచ్చే మార్చి 4న ఆ కార్యక్రమాలతో పాటు, ప్రతి ఫ్యాక్టరీ గేటు దగ్గరా, ప్రతి లేబర్ క్యాంపులోనూ మూడు భాషల్లో ఆ ఫోన్ నంబరు అంటించండి. అది ప్రకటించడానికి మీ ఇద్దరి సంతకాలు చాలు.

ఇట్లు,
సంస్థాగత మనస్తత్వశాస్త్రం బోధించే ఒక అధ్యాపకుడు